కదలకుండా కఠిన వ్యాయామం

బెంగళూరు తెలుగువారి ఆరోగ్య స్పృహ అంటే నాకు అపారమైన గౌరవం. తెల్లారి ఆరింటికి లాల్‌బాగ్ వెళ్లి చూడండి. ఆ 240 ఎకరాల తోటలో మనవాళ్లు సగంమంది చేతి గడియారాలు చూసుకుంటూ నడుస్తుంటారు. మిగతా సగం నడక ముగించి, గేటు బయట ముక్కు మూసుకుని బూడిద గుమ్మడికాయ రసం తాగుతుంటారు. ఎందుకంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గడానికట. ఈ సంగతి వాట్సాప్‌లో వచ్చిన దగ్గర్నుంచీ మావాళ్లకు ఆక్సిజన్ మీదే అనుమానం పట్టుకుంది.

అనుమానం పూర్తిగా వట్టిది కాదు. మనం పీల్చే ఆక్సిజన్‌లో రవ్వంత ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు అణువులుగా మారుతుంది. అవి మోతాదు మించితే కణాలను దెబ్బతీస్తాయి; ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే అదే. వ్యాయామం చేస్తే ఇంకా పుడతాయి. కానీ మితంగా, క్రమం తప్పకుండా చేసేవాళ్ల ఒళ్లు వాటిని అణిచే ఎంజైములను తనే పెంచుకుంటుంది. ఏడాదంతా సోఫాలో గడిపి ఒక్క ఆదివారం మారథాన్‌కు ఉరికేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. పోనీ మాత్రలు మింగుదామా అంటే, 2009లో జర్మనీ పరిశోధకులు ఆ ముచ్చటా తీర్చేశారు. వ్యాయామం చేసే కుర్రాళ్లకు రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూస్తే, వ్యాయామంతో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడాల్సింది కాస్తా పడకుండా పోయింది.

మితం అంటే ఎంత? దానికి గడియారం కొనక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండు మాటలకే గొంతు పెగలకపోతే అది కఠిన వ్యాయామం. ఏ ఇబ్బందీ లేని గర్భిణులు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఇలా మితంగా శ్రమించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఈ సూత్రాన్ని వెంటబెట్టుకుని, తెలిసినవాళ్ల కోసం నగరంలో ఒక పెద్దాసుపత్రి ప్రసూతి ఓపీకి వెళ్లినప్పుడు నాకో శాస్త్రీయ సత్యం బోధపడింది. బల్ల ముందు పాలమూరు నుంచి కూలి పనికి వచ్చిన అమ్మాయి నిలబడి ఉంది. నెలలు నిండుతున్నాయి. వారానికి చెప్పిన ఆ 150 నిమిషాలూ ఇటుకలు మోస్తూ సోమవారం మధ్యాహ్నానికే పూర్తిచేసే మనిషి. కాసేపటి క్రితం బెంచీ మీద పక్కామెతో గలగలా మాట్లాడుతూనే ఉంది. డాక్టరమ్మ ఎదుటికి రాగానే నోరు పడిపోయింది. అంగుళం కదల్లేదు, అయినా మాట పెగల్లేదు. సూత్రం ప్రకారం అది కఠిన వ్యాయామమే కదా!

డాక్టరమ్మ కన్నడంలో అడిగింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది. ఆ తర్వాత మళ్లీ కన్నడంలోనే, ఈసారి గట్టిగా అడిగింది. అమ్మాయి అన్నింటికీ తలూపింది. చీటీ మీద ‘ఇబ్బందులేమీ లేవు’ అని ఇంగ్లీషులో పడింది. డాక్టరమ్మను తప్పుపట్టడానికి లేదు, బయట క్యూ గేటు దాకా ఉంది.

బెంగళూరులో తెలుగు రానిదెవరికండీ అంటారు మావాళ్లు. నిజమే, టమాటాల బేరం దాకా అందరికీ వచ్చు. గుర్రపు వాతం, అంటే గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే జబ్బు, దాని దగ్గరే వస్తుంది చిక్కు. కడుపులో బిడ్డను పోషించే మాయకు రక్తం సరిగ్గా అందనప్పుడు అక్కడ పుట్టే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు ఈ జబ్బులో పెద్ద పాత్రే ఉంది. బీపీని మిషను చెబుతుంది, మూత్రంలో ప్రొటీన్‌ను అందులో ముంచిన పరీక్ష పుల్ల చెబుతుంది. తల పగిలిపోతోందనీ, కళ్లు మసకేస్తున్నాయనీ, పక్కటెముకల కింద నొప్పనీ చెప్పాల్సింది మాత్రం మనిషే. ఇక్కడా విటమిన్లు ప్రయోగించారు. 2006లో బ్రిటన్‌లో గర్భిణులకు సరిగ్గా అదే 1000, అదే 400 ఇస్తే జబ్బు ఆగలేదు. గుమ్మడి రసం మీద ఆశ పెట్టుకున్నవారు గమనించగలరు.

ఇంతలో నేల తుడుస్తున్న ఆయా బకెట్టు పక్కన పెట్టింది. “ఏమ్మా, తల నొస్తాందా? కండ్లు మసక కొడతాండాయా?”

“రెండు దినాల సంది గట్లనే ఉందక్కా.”

ఆయా ఆ ముక్క కన్నడంలో అందించింది. డాక్టరమ్మ పెన్ను ఆపి, బీపీ మళ్లీ చూసి, వెంటనే చేర్చుకోమంది. ఆయా తిరిగి బకెట్టు అందుకుంది.

కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒకరుండాలని కేంద్రం 2017లో ‘లక్ష్య’ పథకంలో రాసుకుంది. ఆ తోడుకు కూడా భాష రాకపోతే ఏం చేయాలో రాయడానికి కాగితం చాలలేదేమో.

కాబట్టి ప్రభుత్వానికి నాదో సూచన. ఆయాకు ఎన్ని భాషలొచ్చినా ఆమె పద్దు ఫినాయిల్, చీపురు దగ్గరే ఆగిపోతుంది. మనిషికి పైసా పెంచాలంటే వంద సంతకాలు కావాలి, మిషనుకైతే నిధులు వాటంతటవే వస్తాయి. అందుకని ఆమెను మిషనుగా కొనేయాలి. ‘బహుభాషా రోగ నిర్ధారణ పరికరం - 1’ అని టెండరు పిలవాలి. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ మాట్లాడాలి, కరెంటు అడగకూడదు. జీతాన్ని వార్షిక నిర్వహణ ఖర్చు కింద చూపిస్తే ఆడిట్‌వాళ్లు కిమ్మనరు. మంత్రిగారు రిబ్బను కత్తిరించేటప్పుడు కాసేపు కదలకుండా నిలబడమంటే నిలబడుతుంది కూడా.

ఆ రోజు నేల ఎవరు తుడవాలన్నది వేరే టెండరు.