గడువు వారంటీకే, హక్కుకు కాదు

గత వారం ఒడిశా బరంపురంలోని మా పత్రిక కార్యాలయానికి ఒకావిడ వచ్చారు. బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుకొనే మనిషి. చేతిరుమాలులో చుట్టి తెచ్చిన ఫోను తీసి బల్ల మీద పెట్టి, ‘మీరే చూడండి బాబూ’ అన్నారు. వైఫై మీట నొక్కి చూశాం. ఆన్ అయినట్టే అయి, రెండు క్షణాల్లో మళ్లీ ఆఫ్ అయిపోయింది. బ్లూటూత్‌దీ అదే తంతు. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరిస్తే, వైఫై అడ్రస్ ఉండాల్సిన చోట ‘అందుబాటులో లేదు’ అని కనిపించింది. ఫోను కొని పదిహేను నెలలైంది. కింద పడలేదు, తడవలేదు, స్క్రీన్ మీద గీత కూడా లేదు. సర్వీస్ సెంటర్ ఇచ్చిన రిపేరు కాగితం, అంటే జాబ్ షీట్‌లో రెండే మాటలు: బోర్డు మార్చాలి, వారంటీ లేదు. పద్నాలుగు వేల ఫోనుకు బోర్డు ఖరీదు ఎనిమిదిన్నర వేలు. దానికన్నా కొత్తది కొనుక్కోవడం మేలని కౌంటర్‌లో కుర్రాడు సలహా కూడా ఇచ్చాడట.

ఇలాంటి ఫోన్లు పట్టుకుని తిరిగేవాళ్లు పర్లాకిమిడిలో ఉన్నారు, గుణుపురంలో ఉన్నారు, సరిహద్దుకు అటు ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో, పాతపట్నంలోనూ ఉన్నారు. అందరూ వింటున్న జవాబు ఒక్కటే: ఏడాది దాటింది కాబట్టి మాకు సంబంధం లేదు. ఈ జవాబు విని తల వంచుకుని ఇంటికొచ్చేయడం మనకు అలవాటైపోయింది. అలా రావాల్సిన పని లేదని, చట్టం ఇంకా మన వెనకే ఉందని చెప్పడానికే ఈ మాటలు రాస్తున్నాం.

ఫోను మాట్లాడుతోంది కదా, వైఫై లేకపోతే ఏం నష్టమని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒకసారి గజపతి జిల్లాలోని మోహన, ఆర్. ఉదయగిరి కొండల వైపు వెళ్లి చూడాలి. ఇంటి బయట రెండు గీతలు చూపించే సిగ్నల్ గడప దాటగానే మాయమైపోయే ఊళ్లున్నాయి. అలాంటి చోట ఎవరో ఒకరు వైఫై కనెక్షన్ పెట్టించుకుంటే చుట్టుపక్కల నాలుగిళ్లు దాని మీదే ఆధారపడతాయి. సూరత్ మగ్గాల్లో పనిచేసే కొడుకు ముఖం తల్లి చూసుకునేది ఆ వైఫై మీదే. ఒడిశా మహిళలకు సాయమిచ్చే సుభద్ర పథకం ఈ-కేవైసీకి కావాల్సింది, పిల్లల హాస్టల్ దరఖాస్తుకు కావాల్సింది కూడా అదే. 2024 జులైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు రేట్లు పెంచాక డేటా ప్యాక్ వేయించుకోవడం కూలి చేసుకునే ఇంటికి ఇంకా బరువైంది. ఆ ఇంట్లో ఫోనుకు వైఫై పోవడమంటే సగం ఫోను పోయినట్టే.

అసలు ఇది ఎలా పోతుంది? చాలా ఫోన్లలో వైఫై, బ్లూటూత్ రెండింటినీ ఒకే చిప్ నడుపుతుంది. బోర్డుకు ఆ చిప్‌ను కలిపేవి కంటికి ఆననంత చిన్న టంకం చుక్కలు. ఫోను వేడెక్కి చల్లారినప్పుడల్లా అవి కాస్త సాగుతాయి, ముడుచుకుంటాయి. అతుకు సరిగా పడకపోయినా, చిప్‌కు వేడి వదిలే దారి సరిగా లేకపోయినా ఏడాదికో ఏడాదిన్నరకో ఏదో ఒక చుక్క పగులుతుంది. మన బజార్లలో రిపేరు కుర్రాళ్లు ‘వైఫై ఐసీ (చిప్) పోయింది, రీబాల్ చేయాలి (టంకం చుక్కలు కొత్తగా వేయాలి)’ అనేది దీన్నే. అంటే లోపం పదిహేనో నెలలో పుట్టింది కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజునే లోపల ఉంది, బయటపడడానికి పదిహేను నెలలు పట్టింది. వారంటీ దాటాక మిగిలే హక్కు మొత్తం ఈ తేడా మీదే నిలబడుతుంది.

వారంటీ అనేది కంపెనీ తనంతట తాను రాసిచ్చిన మాట. ఏడాది వరకు ఏ ప్రశ్నా అడగకుండా బాగు చేస్తానని. దాని గడువు దాని ఇష్టం. చట్టం రాసిన మాట వేరు. అమ్మిన సరుకు దేనికోసం కొన్నారో దానికి పనికిరావాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సరుకు నాణ్యతలోనో ప్రమాణంలోనో ఉండే ఏ తప్పునైనా, ఏ కొరతనైనా ‘లోపం’ అనే అంటుంది. అది వారంటీలోపల కనబడితేనే లోపమని ఎక్కడా అనలేదు. లోపం రుజువైతే బాగు చేయించమని, మార్చి ఇమ్మని, డబ్బు వాపసు చేయమని, నష్టపరిహారం కట్టమని ఆదేశించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఈ వారంటీ మీ చట్టబద్ధమైన హక్కులకు అదనమే తప్ప వాటికి బదులు కాదని కొన్ని కంపెనీల వారంటీ పత్రంలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కౌంటర్‌లో ఆ వాక్యం చదివి వినిపించేవాళ్లు లేరు.

కంపెనీలకు ఇదంతా తెలియదనుకోకండి. ఐఫోన్ 7 సంగతే చూడండి. సిగ్నల్ ఉన్నా ‘నో సర్వీస్’ అని చూపించడం మొదలెట్టింది. మెయిన్ బోర్డులో ఒక భాగం పాడవడమే కారణమని 2018 ఫిబ్రవరిలో ఆపిల్ తానే ఒప్పుకుంది. 2016 సెప్టెంబరు నుంచి 2018 ఫిబ్రవరి వరకు తయారై అమెరికా, చైనా, జపాన్, హాంకాంగ్, మకావ్‌లలో అమ్ముడైన కొన్ని మోడళ్లకు, కొన్న రోజు నుంచి రెండేళ్ల వరకు ఉచితంగా బాగు చేస్తామని ప్రకటించింది. అప్పటికే జేబులోంచి డబ్బు కట్టి చేయించుకున్నవాళ్లకు వాపసు కూడా ఇస్తామంది. ఏడాది వారంటీ గీత అక్కడ అడ్డు రాలేదు. ఒకే రకం లోపం వందల ఫోన్లలో కనబడినప్పుడు అది తన బాధ్యతేనని కంపెనీ ఒప్పుకోగలదు. గట్టిగా, పదిమంది కలిసి అడిగేవాళ్లు ఉంటే చాలు. మన దగ్గర ఒక్కొక్కరు ఒక్కో కౌంటర్ దగ్గర విడివిడిగా వెనుదిరుగుతున్నారు. ఎవరి ఫిర్యాదూ కాగితం మీదకు రావడం లేదు.

కష్టమైన సంగతి కూడా దాచకుండా చెప్పాలి. వారంటీ దాటాక రుజువు భారం కొన్నవాళ్ల మీదే పడుతుంది. ఫోను నీళ్లలో పడి ఉంటే, బయట ఎవరో బోర్డు మీద హీట్ గన్ పెట్టి ఉంటే, తయారీ లోపమని నిలబెట్టడం చాలా కష్టం. అందుకే వైఫై మొరాయించగానే పక్క షాపులో విప్పించేయొద్దు. ముందు ఫోను రీస్టార్ట్ చేసి, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి, వేరేవాళ్ల హాట్‌స్పాట్‌తో కలిపి చూడండి. మీ ఇంటి వైఫై మిగతా ఫోన్లకు వస్తూ మీ ఒక్క ఫోనుకే రాకపోతే గొడవ ఫోనులోనే ఉంది. మీట దానంతటదే ఆఫ్ అవుతుంటే వీడియో తీసి దాచుకోండి. కంపెనీ పంపిన అప్‌డేట్ వేసిన మర్నాడే ఇలా అయితే ఆ తేదీ రాసి పెట్టుకోండి, ఎందుకంటే అప్‌డేట్ పంపింది కంపెనీ. ఫోన్లను మందగింపజేసిన అప్‌డేట్ల విషయంలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఇవన్నీ చేశాక అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి జాబ్ షీట్ తీసుకోండి. ‘బోర్డు మార్చాలి’ అని రాస్తే సరిపోదు. ఎందుకు పోయిందో, తడి గుర్తులు ఉన్నాయో లేదో రాయమని నిలబడి అడగండి. తడి, దెబ్బ లేవని వాళ్ల చేతి రాతే ఉంటే మీ కేసు సగం నిలబడినట్టే. సరుకును తగిన ల్యాబ్‌కు పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఆ పరీక్ష ఫీజు ముందుగా మనమే కట్టాల్సి ఉంటుంది.

సరిహద్దులో బతికేవాళ్లకు ఈ చట్టంలో ఒక మేలు ఉంది. మనవాళ్లలో చాలామందికి అది తెలియదు. పాత 1986 చట్టం కింద కేసు వేయాలంటే కంపెనీ ఉన్న చోటుకో, కొన్న చోటుకో వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే చోట, మీరు పని చేసుకునే చోట వేయొచ్చు. ఇచ్ఛాపురం మనిషి బరంపురం బజారులో ఫోను కొన్నా శ్రీకాకుళం కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పర్లాకిమిడి మనిషి విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పర్లాకిమిడిలోనే వేయొచ్చు. సూరత్‌లో కొడుకు కొని పంపిన ఫోను తల్లి వాడుతుంటే, బిల్లు కొడుకు పేరున ఉన్నా తల్లి కూడా వినియోగదారే. కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లకూ చట్టం ఆ హక్కు ఇచ్చింది. కుట్టుపని ఆర్డర్లు ఫోనులో తీసుకునే ఆ ఆవిడను ‘వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కాదు’ అని కూడా తోసేయలేరు. స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొన్న వస్తువును చట్టం వ్యాపార అవసరంగా లెక్కగట్టదు.

బిల్లు విషయంలో మాత్రం తప్పు మనవైపూ ఉంది. ‘బిల్లు లేకుండా అయితే మూడొందలు తగ్గిస్తా’ అనగానే సరే అనేస్తాం. ఒకప్పుడు అటువైపు పన్ను తక్కువ, ఇటువైపు ఎక్కువ అంటూ సరిహద్దు దాటి కొనేవాళ్లం. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ లెక్క పోయింది. మొబైల్ ఫోను మీద రెండు రాష్ట్రాల్లోనూ 18 శాతమే. ఇంకా బిల్లు వదులుకుంటే పోయేది మన హక్కే. బిల్లు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం స్పష్టంగా చెప్పింది కాబట్టి, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఫిర్యాదుకు లాయరు తప్పనిసరి కాదు. సరుకు ఖరీదు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. చాలా గొడవలు కంపెనీతో అక్కడే తేలిపోతాయి, తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేసుకోవచ్చు. గడువు, కేసుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. కంపెనీ లాయర్లు కొన్న రోజు నుంచే లెక్కపెట్టాలని వాదిస్తారు కాబట్టి, లోపం బయటపడ్డాక నెలలు గడవనివ్వడం మంచిది కాదు.

ఇంతవరకు పాఠకులతో మాట్లాడాం. ప్రభుత్వంతో మాట్లాడాల్సింది ఇంకా ఉంది. ల్యాబ్ పరీక్ష లేని కేసును మూడు నెలల్లో, పరీక్ష ఉన్నదాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఆ గడువు నిజమవ్వాలంటే కమిషన్లలో కుర్చీలు ఖాళీగా ఉండకూడదు. సభ్యుడు రిటైరయ్యే తేదీ ముందే తెలిసిన విషయమే. నియామకం మాత్రం ఆయన వెళ్లిపోయాక మొదలుపెట్టడం ఏం పద్ధతి? వీడియోలో విచారణకు హాజరయ్యే వీలు చట్టంలో ఉంది. రాయగడ కొండల నుంచి కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి దాన్ని అడక్కుండానే ఇవ్వాలి. మన జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు. బరంపురం, పర్లాకిమిడి కమిషన్ల దగ్గర తెలుగు తెలిసిన ఒక సహాయకుణ్ని కూర్చోబెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. సవర గిరిజనుల కోసం కూడా అలాంటి మనిషి ఉండాలని మేం అడుగుతున్నాం.

కేంద్రం 2022 డిసెంబరులో, కంపెనీలు రిపేరు వివరాలు ఒకచోట పెట్టే ‘రిపేరు హక్కు’ పోర్టల్ తెచ్చింది. మంచి అడుగే, కాదనం. కానీ అందులో చేరాలో వద్దో కంపెనీల ఇష్టానికి వదిలేసింది. ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకాలు ఆగిపోయాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాల్సిన బాధ్యత కంపెనీల మీద పడింది. ఇక్కడ పద్నాలుగు వేల ఫోనుకు ఎనిమిదిన్నర వేల బోర్డు తప్ప వేరే దారి చూపించరు. పోయిన ఒక్క చిప్ మార్చి ఇచ్చే ఏర్పాటు సర్వీస్ సెంటర్‌లోనే ఉండాలి, ఏ మోడల్‌లో ఏ భాగం ఎన్నిసార్లు పోతోందో కంపెనీలు బయటపెట్టాలి. అది చట్టంగా రావాలి.

ఆ ఆవిడ ఫోను ఇంకా చేతిరుమాలులోనే ఉంది. మా విలేకరి తోడు వెళ్లి, మళ్లీ సర్వీస్ సెంటర్‌లో నిలబడి, జాబ్ షీట్ మీద ‘తడి లేదు, దెబ్బ లేదు’ అని రాయించారు. సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయి. సోమవారం 1915కు ఫోను చేస్తానన్నారు ఆవిడ.