సవరణ: ‘విని నేర్చుకునే పిల్లలు’ పోస్టు గురించి

విని నేర్చుకునే పిల్లలకు పాఠం రికార్డు చేసి ఇస్తే చాలు, రాత తగ్గించవచ్చు అని మొన్న రాశాను. అది తప్పు. వినడం చాలామందికి ఇష్టమే. కానీ ఆ ఇష్టాన్ని బట్టి బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన సమీక్ష తేల్చింది.

ఎలా చెప్పాలన్నది పిల్లవాణ్ణి బట్టి కాదు, పాఠాన్ని బట్టి. ఉచ్చారణ, ఛందస్సు చెవితోనే పట్టుబడతాయి. భాగహారం అలా కాదు. ‘742ని 6తో భాగించు’ అని నోటితో చెబితే, మొదటి శేషం 1 పక్కన 4 దించేలోపే చివరి 2 మరిచిపోతారు. మాట గాలిలో కలిసిపోతుంది, కాగితం మీది అంకె ఉంటుంది. రేఖాగణితం సంగతి చెప్పనే అక్కర్లేదు.

రికార్డింగు వాడితే మూడు నాలుగు నిమిషాలకోసారి ఆపండి. విన్నది పుస్తకం చూడకుండా సొంత మాటల్లో చెప్పించి, రెండు వాక్యాలు రాయించండి. తప్పిన ముక్క మాత్రమే మళ్లీ వినిపించండి. మర్నాడు వినిపించకుండానే అడగండి. ఆపకుండా మూడుసార్లు వినిపిస్తే పాఠం వచ్చేసినట్టు అనిపిస్తుంది, అంతే.

చూపు లేనివారికి, చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి ఆడియో అవసరం. ఆ పోస్టులో వారి గురించి రాసిన భాగం మార్చడం లేదు.