కౌన్సెలర్ గదిలో గ్లూకోమీటర్

మధుమేహం ఉన్న విద్యార్థుల విషయంలో పాఠశాల కౌన్సెలర్ల అవగాహన అంతంతమాత్రమేనన్న మీ వ్యాసంతో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న ఒక తల్లిగా నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను. మా అమ్మాయికి తొమ్మిదో ఏట టైప్ 1 మధుమేహం బయటపడినప్పుడు కౌన్సెలర్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "చిన్నప్పుడు స్వీట్లు బాగా పెట్టేవారా అమ్మా?" అని. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేయడం వల్ల వచ్చే ఈ జబ్బు మిఠాయిలు తింటే వచ్చేది కాదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. మనిషి మాత్రం మంచిదే.

అంతకన్నా బాధ పెట్టింది మరొకటి. ఒకరోజు భోజనానికి ముందు పీరియడ్‌లో పాప చేతులు వణుకుతూ, చెమటలు పట్టి, పక్కనున్న పిల్ల మీద విసుక్కుంటే, దానిని క్రమశిక్షణ సమస్యగా భావించి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. కోపాన్ని ఎలా అదుపు చేసుకోవాలో ఆవిడ పావుగంట చెప్పిన తరువాత, పాపే సంచిలోంచి గ్లూకోమీటర్ తీసి చూసుకుంటే రక్తంలో చక్కెర 58 (mg/dL) ఉంది. ఆ వణుకు, చెమటలు, విసుగు చక్కెర పడిపోవడం వల్ల వచ్చినవే. 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి.

టైప్ 1 ఉన్న పిల్లలు బోర్డు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండ్లు తీసుకువెళ్లవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది. అయినా మా పాప నేటికీ ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నును బడి బాత్రూములో దాక్కుని వాడుకుంటోంది. ఈ జూన్‌లో బడి తెరిచిన రోజున కౌన్సెలర్ గారి సొరుగులో గ్లూకోజు ప్యాకెట్టు నేనే పెట్టి వచ్చాను.