పదకొండో క్యాబిన్ పిల్లలు

పెర్సీ జాక్సన్ సిరీస్ అయిదో పుస్తకం నిన్న రాత్రి రెండోసారి పూర్తిచేశాను. పడుకునేసరికి రెండున్నర. పొద్దుటి నుంచీ అదే మనసులో తిరుగుతోంది, అందుకే ఇంత పెద్ద పోస్ట్. చివరిదాకా కథ చెప్పేస్తాను, చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఈ సిరీస్ గురించి ఎవరైనా ముందు చెప్పేవి ఇవే: పన్నెండేళ్ల కుర్రాడు పెర్సీ, గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్ కొడుకు, మూత తీస్తే కత్తిగా మారే పెన్ను, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తులో దేవతలుండే ఒలింపస్. అవన్నీ నాకూ ఇష్టమే. చూపుతోనే మనుషుల్ని రాళ్లుగా మార్చే మెడూసా న్యూజెర్సీలో రోడ్డు పక్కన తోట బొమ్మలు అమ్ముతూ కనిపిస్తుంది. ఆ బొమ్మలన్నీ ఒకప్పటి మనుషులేనని మెల్లగా అర్థమవుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ నేను ఈ కథకు చిక్కిపోయింది మాత్రం పదకొండో క్యాబిన్ దగ్గర.

లాంగ్ ఐలాండ్‌లో దేవతలకు పుట్టిన పిల్లల కోసం ఒక క్యాంప్ ఉంటుంది. 12 మంది దేవతలకు 12 క్యాబిన్లు. ఎవరి బిడ్డ వాళ్ల క్యాబిన్‌లో ఉండాలి. మరి వీడు నా బిడ్డ అని ఏ దేవతా ఒప్పుకోకపోతే? హెర్మీస్ క్యాబిన్‌కి, అంటే పదకొండో దానికి, పంపిస్తారు. ఆయన బాటసారుల దేవుడు, ఎవరొచ్చినా కాదనడు. అందుకే అక్కడ మంచాలు చాలక పిల్లలు నేలమీదే స్లీపింగ్ బ్యాగుల్లో పడుకుంటారు. కొందరికి ఎప్పటికీ పిలుపు రాదు. మొదట్లో పెర్సీకీ నేలమీద కాస్త చోటు చూపిస్తారు. అతనికి స్లీపింగ్ బ్యాగ్ వెతికి తెచ్చిపెట్టేది ల్యూక్, హెర్మీస్ సొంత కొడుకు. తర్వాత శత్రువయ్యేదీ ఇతనే.

కొన్నాళ్లకు పెర్సీ తలమీద త్రిశూలం మెరుస్తుంది, పొసైడన్ కొడుకని తేలిపోతుంది. మూడో క్యాబిన్ మొత్తం అతనికే. కావలసినంత చోటు, అడిగేవాళ్లు లేరు, పక్కన మనిషీ లేడు. అప్పుడు అతనికి ఆ ఇరుకు క్యాబినే నయమనిపిస్తుంది. హాస్టల్లో పెరిగినవాళ్లకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు.

రచయిత రిక్ రియార్డన్ టెక్సాస్‌వాడు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు, చరిత్ర పాఠాలు చెప్పిన టీచర్. కొడుక్కి ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది). రాత్రిళ్లు చెప్పే గ్రీకు కథలు అయిపోయాక పిల్లవాడు కొత్తవి కావాలని అడిగాడు. అలా పుట్టినవాడు పెర్సీ. 2005లో మొదటి పుస్తకం వచ్చింది, 2009లో అయిదోది. పెర్సీకీ ఆ రెండు ఇబ్బందులూ ఉంటాయి. అక్షరాలు కదిలిపోతున్నాయంటే అతని బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారైందనీ, క్లాసులో కుదురుగా కూర్చోలేకపోవడం యుద్ధంలో ప్రాణం కాపాడే గుణమనీ క్యాంప్‌లో అతని స్నేహితురాలు అనబెత్ చెబుతుంది.

ఈ ముక్క మా అక్క కొడుక్కి చదివి వినిపించాను. వాడికీ డిస్లెక్సియానే. అది తెలిసేలోపు స్కూల్లో "శ్రద్ధ లేదు" అని మూడేళ్లు డైరీలో రాసి పంపారు. నేను ఇంగ్లీషులో చదువుతూ మధ్యమధ్యలో తెలుగులో చెబుతుంటాను, వాడు దిండు మీద బోర్లా పడుకుని వింటుంటాడు. ఆ పేజీ దగ్గర లేచి కూర్చున్నాడు. "అయితే గ్రీకు అక్షరాలు వాడికి కదలవా పిన్నీ?" అన్నాడు. కదలవన్నాను. "మళ్లీ చదువు." నాలుగుసార్లు చదివించుకున్నాడు.

ఇవి పిల్లల పుస్తకాలు, ఈ వయసులో నీకెందుకు అనేవాళ్లకి నేను చెప్పేది ల్యూక్ గురించి. దేవతల మీద అతని కోపంలో న్యాయం ఉంది. తండ్రి దేవుడు, ఇంటి ముఖం చూడడు. అయిదో పుస్తకంలో పెర్సీ ల్యూక్ ఇంటికి వెళ్తాడు. ల్యూక్ తల్లి మతి చలించి ఉంటుంది. కొడుకు వస్తాడని రోజూ శాండ్‌విచ్‌లు, కుకీలు చేసి పెడుతూనే ఉంటుంది. వంటింటి నిండా బూజు పట్టిన శాండ్‌విచ్‌లు. ఏ రాక్షసుడి దగ్గరా భయపడని నేను ఆ వంటింట్లో పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను.

"మన పురాణాలుండగా గ్రీకువి ఎందుకు" అని కూడా అంటారు. ల్యూక్‌ని చదువుతున్నంతసేపూ నాకు కనిపించింది కర్ణుడే. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు నీ కులమేమిటి, తల్లిదండ్రులెవరని అడిగినప్పుడు కుంతి ఆ సభలోనే ఉంది. మూర్ఛపోయింది కానీ నోరు విప్పలేదు. వీడు నా పెద్దకొడుకని ధర్మరాజుకి చెప్పింది యుద్ధం అయిపోయి, తర్పణాలు వదిలే వేళ. ఆ ఘట్టం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ సభలో నిలబడ్డ కుర్రాడి వైపు నుంచి ఆలోచించింది మాత్రం ఈ గ్రీకు కథ చదివాకే.

2010లో వచ్చిన సినిమా మాత్రం చూడకండి. పెర్సీకి 16 నిండేసరికి ఏదో జరుగుతుందన్న జోస్యం మీద అయిదు పుస్తకాలూ నడుస్తాయి. వాళ్లేమో మొదటే అతన్ని పెద్ద కుర్రాణ్ని చేసేశారు. ఇంక టెన్షన్ ఎక్కడిది? 2023లో మొదలైన టీవీ సిరీస్ నయం, పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు. పుస్తకాల్లోనూ రెండోది నాకు కొంచెం సాగినట్టనిపించింది. అక్కడ ఆపేయకండి.

చివర్లో ల్యూక్, దేవతల మీదకి తనే లేపి తెచ్చిన వాళ్ల పాత శత్రువు క్రోనస్‌ని తన ప్రాణమిచ్చి ఆపుతాడు. దేవతలు పెర్సీని పిలిచి అమరత్వం ఇస్తామంటారు. అతను వద్దంటాడు. ఇక మీద మీ పిల్లల్ని పదమూడేళ్లు వచ్చేలోపు మీ పిల్లలని ఒప్పుకోండి, చిన్న దేవతల పిల్లలకీ క్యాబిన్లు కట్టించండి అని పాతాళంలోని స్టిక్స్ నది మీద ఒట్టు వేయించుకుంటాడు. పదహారేళ్లవాడు దేవతల నిండు కొలువులో నిలబడి అడిగింది నేలమీద పడుకునే పిల్లల గురించి. రెండోసారి చదివినా అక్కడ కళ్లు తడిశాయి.

మా వాడికి ఇవేవీ తెలియవు. మొదటి పుస్తకంలో ఇంకా చివరి అధ్యాయం మిగిలే ఉంది, ల్యూక్ పెర్సీ మీదకి తేలుని వదిలేది అందులోనే. వాడికి ల్యూక్ అంటే ప్రాణం. శనివారం చదువుతానని మాటిచ్చాను.