పేజీలకూ తరుగే: రీడింగ్ ఛాలెంజ్ నియమావళి గారికి బహిరంగ లేఖ

హన్మకొండ.

శ్రీయుత ఆన్‌లైన్ రీడింగ్ ఛాలెంజ్ నియమావళి గారికి,

విషయం: పాయింట్ల లెక్క మొదట అర్థం కాకపోవుట, అర్థమైన పిదప మరింత అర్థం కాకపోవుట గురించి.
సూచిక: తమ 31 నియమాలు, వాటి సవరణలు, ఆ సవరణల మీద వెలువడిన వివరణలు.

అయ్యా,

నేను ఖజానా శాఖలో 26 సంవత్సరాలుగా పనిచేస్తున్నవాణ్ణి. ఒక బిల్లును ఎన్ని రకాల అభ్యంతరాలతో వెనక్కి పంపవచ్చునో, వెనక్కి వెళ్ళిన బిల్లు సరిదిద్దుకొని వస్తే దాన్ని మరో కొత్త అభ్యంతరంతో ఎలా సాగనంపవచ్చునో నాకు కొట్టిన పిండి. కాబట్టి నియమాలంటే జంకే మనిషి రాసిన ఉత్తరంగా దీనిని తమరు భావించరాదు. వృత్తిలో నాకంటే పై మెట్టున ఉన్నవారి పట్ల గౌరవంతో, కొంత అసూయతో కూడా, రాస్తున్నాను.

గత జనవరిలో హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి నన్ను తమ ఛాలెంజ్‌లో చేర్పిస్తూ, "బాపూ, ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదువుతవో ఓ అంకె చెప్పు" అన్నది. నెలకు రెండు అనే లెక్క నోటికి తేలికగా వచ్చింది కనుక 24 అన్నాను. ఆ అంకె ఆనాటి నుండి దిగకుండా నా నెత్తిన కూర్చున్నది. మార్చి మొదటి వారంలో, అంటే ఆర్థిక సంవత్సరం చివర మా కార్యాలయంలో ఊపిరి సలపని రోజుల్లో, తమరి నుండి "మీరు 3 పుస్తకాలు వెనుకబడి ఉన్నారు" అని తాఖీదు వచ్చింది. మా నాయన సహకార సంఘంలో తీసుకున్న పంట అప్పుకు కూడా ఇంత మర్యాదగా, ఇంత తరచుగా ఎవరూ నోటీసు పంపలేదు.

వెనుకబడడానికి కారణం వెతకగా, నేను అప్పటికి చదివినవి నాలుగు పుస్తకాలని, వాటిలో మూడింటిని తమరు పుస్తకాలుగా గుర్తించలేదని తేలింది. అవి మూడూ కవితా సంపుటాలు. మూడూ 96 పేజీలవి. తమరి ఆరవ నియమం ప్రకారం 100 పేజీల లోపు ఉన్నది పుస్తకం కాదు. ఏమిటో మరి దానికి పేరు చెప్పలేదు.

అయ్యా, ఇక్కడ కొంచెం ఆగి విన్నవించుకోవలసి ఉన్నది. తమరికి తెలిసిన ఫారం ఒక్కటే, పేరు, తేదీ, పేజీల సంఖ్య నింపి పంపేది. మా ప్రెస్సుల వాళ్ళకు తెలిసిన ఫారం మరొకటి ఉన్నది. పెద్ద కాగితం మీద అటు 8, ఇటు 8 పేజీలు అచ్చువేసి మడిస్తే వచ్చే 16 పేజీల కట్టను వాళ్ళు ఫారం అంటారు. తెలుగు పుస్తకం పుట్టడం పేజీల్లో పుట్టదు, ఫారాల్లో పుడుతుంది. ఆరు ఫారాలైతే 96. పన్నెండైతే 192. అందువల్ల తెలుగులో సన్నని పుస్తకం తమరి గడపకు సరిగ్గా నాలుగు పేజీల దూరంలోనో, కొంచెం లావైనది రెండవ వందకు ఎనిమిది పేజీల దూరంలోనో వచ్చి ఆగిపోతుంది. అర ఫారం కలిపి 104 చేయవచ్చు కదా అని తమరు అడగవచ్చు. చేయవచ్చు. అయితే మా వైపు కవిత్వం ఎక్కువగా కవి సొంత డబ్బుతో అచ్చవుతుంది. ఆ అర ఫారానికి పట్టే కాగితం ఖర్చు ఆయన ఇంట్లో ఎవరిని ఒప్పించి తేవాలో తమరి వివరణల్లో ఎక్కడా లేదు.

పూర్తి వందకు ఒక పాయింటు, మిగిలిన పేజీలు మాఫీ అనే ఏడవ నియమం వల్ల 192 పేజీలకూ 104 పేజీలకూ ఒకటే పాయింటు వస్తున్నది. మా ఊళ్ళో వడ్లు కొనేచోట బస్తాకు ఇంతని తరుగు తీస్తే రైతులు రోడ్డు మీద వడ్లు పోసి ధర్నా చేస్తారు. తమరు నా దగ్గర ఒక్క పుస్తకానికి 92 పేజీల తరుగు తీసినా నేను ఎక్కడ పోసి కూర్చోవాలో తెలియక ఊరుకున్నాను.

ఊరుకున్నానే గాని, తెలివి పెరిగింది. అదే కథను డెమ్మీ సైజులో కాకుండా క్రౌను సైజులో వేస్తే పేజీ చిన్నదై పేజీల సంఖ్య పెరుగుతుంది. అక్షరం పెద్దదైతే ఇంకా పెరుగుతుంది. జూన్ నాటికి నేను పుస్తకాన్ని చేతిలోకి తీసుకోగానే ముందు ఆఖరి పేజీ అంకె చూసి, తరువాత అక్షరం లావు చూసి, ఆ పైన మాత్రమే పేరు చూసే స్థితికి వచ్చాను. ఒకే నవల రెండు ముద్రణలు కనిపిస్తే, 296 పేజీల పాతదాన్ని పక్కన పెట్టి 304 పేజీల కొత్తదాన్ని కొన్నాను. పాతది ఇంట్లోనే ఉన్నది. దానికి నేను ఇచ్చిన ధర ఎనిమిది పేజీలు.

ఇక పేర్ల సంగతి. అక్షరమాల వరుసలో రచయితల ఇంటిపేర్లు చదివితే అదనపు పాయింట్లన్నారు. సంతోషించాను, ఎందుకంటే మా వైపు ఇంటిపేర్లకు కొదవ లేదు. ఇంటిపేరు ముందుండి, సొంత పేరు వెనుక నడవడం మా పద్ధతి. తమరి జాబితా మాత్రం వెనుక ఉన్నదే ఇంటిపేరని నమ్ముతుంది. కాళోజీ నారాయణరావు గారిని తెచ్చి "క" గడిలో పెట్టబోతే, ఆయన "రావు" వంశస్థుడని తిప్పి పంపారు. సురవరం ప్రతాపరెడ్డి గారు "రెడ్డి" గడిలోకి వెళ్ళారు. తమరి లెక్కన తెలుగు సాహిత్యమంతా రావు, రెడ్డి, శర్మ, శాస్త్రి, మూర్తి అనే అయిదారు కుటుంబాల ఉమ్మడి ఆస్తి. నేను "ర" గడిని పదకొండుసార్లు నింపి, మిగిలిన గడులను ఖాళీగా చూస్తూ కూర్చున్నాను. తెలుగు అక్షరాలకు విడిగా ఒక పట్టిక పెట్టామని మేలో సవరణ తెచ్చారు. అందులో ణ, ళ గడులు కూడా ఉన్నాయి. ణకారంతో మొదలయ్యే తెలుగు ఇంటిపేరు కోసం నేను రెండు ఆదివారాలు ఓటర్ల జాబితాలు కూడా చూశాను.

ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య లేనిదే నమోదు లేదనే తొమ్మిదవ నియమాన్ని గురించి ఎక్కువ చెప్పను. ఆ సంఖ్య 13 అంకెలుగా మారిందే 2007లో. మా ఇంట్లో చెక్క బీరువాలో ఉన్న పుస్తకాల్లో సగం అంతకు ముప్పై ఏళ్ళ ముందే చెదలకు సగం జమ అయ్యాయి. వాటికి సంఖ్య ఎవరు వేస్తారు?

మధ్యలో వదిలేసిన పుస్తకానికి, సగం దాటి ఉంటే సగం పాయింట్లు, దాటకపోతే సున్నా అనే పన్నెండవ నియమం మాత్రం నన్ను చాలా ఆలోచింపజేసింది. మహాభారతం 18 పర్వాల్లో నన్నయ గారు రెండున్నర పర్వాలు రాసి ఆపారు. అది నూటికి 14 కూడా కాదు. తమరి ఖాతాలో ఆదికవికి వచ్చేది సున్నా. తిక్కన గారు 15 పర్వాలు చేశారు కనుక గట్టెక్కుతారు. ఎర్రన గారు మిగిలిన అర పర్వం పూర్తి చేశారు కాని, ఇతరులు ప్రారంభించిన దానిని కొనసాగించుట చెల్లదని తమరి ఇరవై రెండవ నియమం అంటున్నది. వాళ్ళు రాసినవారు, చదివినవారు కారు కదా అని తమరు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఈ ఒక్క పేరాను బిల్లు నుండి తొలగించుకోవడానికి నాకు సమ్మతమే.

మా అమ్మ విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేను. ఆమెకు 78 ఏళ్ళు. బమ్మెర పోతన గారి భాగవతం ఒక్కటే ఆమె చదువు. రోజూ పొద్దున్నే స్నానమయ్యాక, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన ఆ పుస్తకాన్ని పీట మీద పెట్టుకొని, ఒకటో రెండో పద్యాలు పెదవులు కదుపుతూ చదివి, నెమలీక పెట్టి మూస్తుంది. పన్నెండు స్కంధాల్లో ఎనిమిదవ దాని దగ్గరికి రాగానే ఆమె వేగం తగ్గుతుంది. గజేంద్రమోక్షం అక్కడ ఉన్నది. జట్టుకు ఇంటి సభ్యుల్ని చేర్చుకుంటే అదనంగా 10 పాయింట్లని తమరు ప్రకటించిన నాడు నేను ఫోను పట్టుకొని ఆమె ముందు కూర్చున్నాను.

"ఎప్పుడు మొదలువెట్టినవమ్మా?"

"నీ పెండ్లి కాక ముందటి సంది చదువుతున్న."

"మరి ఎప్పుడు ఒడుస్తది?"

"గజేంద్రుడు ఇంక మడుగులనే ఉన్నడు కొడుకా. వాన్ని బయటికి తియ్యకుండ నేనెట్ల ముందటికి పోత?"

ప్రారంభ తేదీ లేదు. ముగింపు తేదీ లేదు. మళ్ళీ చదివినవి చెల్లవు కనుక, ఆమె చదివినదంతా చెల్లదు. అట్ట రంగు అడిగిన గడిలో ఏం రాయాలో తెలియక క్యాలెండరు కాగితం విప్పి చూస్తే, లోపల అసలు అట్టే లేదు. కాగితం లోపలి వైపు మాత్రం పాలవానికి ఇవ్వవలసిన 42 రూపాయల లెక్క పెన్సిలుతో రాసి ఉన్నది. అది ఇచ్చారో లేదో ఇప్పుడు చెప్పేవారు లేరు. పాయింట్లు ఎక్కువ వచ్చినవాళ్ళకు బ్యాడ్జి ఇస్తారని చెబితే అమ్మ, "బ్యాడ్జి అంటే బంట్రోతు బిళ్ళనా?" అని అడిగింది. ఫోనులో మాత్రమే కనిపిస్తుందన్నాను. ఆమె నా మొహం చూసి, ఏమీ అనకుండా నెమలీక సర్దుకున్నది.

విన్నది కూడా చదివినట్టేనని, గంటకు 30 పేజీల చొప్పున కడతామని తమరు చెప్పినప్పుడు నాకు మళ్ళీ ఆశ కలిగింది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్ళి, ఒగ్గు డోలు దెబ్బలకు నిద్ర పట్టక కాదు, పట్టనీయక, తెల్లవార్లూ కథ విన్నాను. ఎనిమిది గంటలు, 240 పేజీలు, రెండు పాయింట్లు. దానికి తమరి జవాబు: "ప్రచురణకర్త పేరు, ఆడియో సంచిక సంఖ్య జతపరచగలరు." తరతరాలుగా నోటి మీద నడిచిన కథకు సంచిక సంఖ్య ఏదని నేను ఒగ్గు పూజారిని అడిగి ఉంటే ఆయన నా నెత్తిన పసుపు బండారి చల్లి పంపేవాడు.

ప్రసంగవశాత్తు ఒక మాట. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికంతటికీ కలిపి అయిదే సూత్రాలు చెప్పారు. నాలుగవది పాఠకుని సమయం కాపాడమంటుంది. మా హన్మకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే వెలిసింది. గ్రంథాలయ పుస్తకాల వెనుక అతికించే తేదీ చీటీలో ఒకే గడి ఉంటుంది, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో. నిజంగా చదివావా అని ఆ చీటీ ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. అటువంటి నమ్మకం ఉన్నచోట ఆడిట్ ఎలా జరుగుతుందన్నది తమరి సందేహమైతే, ఉద్యోగరీత్యా అది నా సందేహం కూడా.

ఇక అసలు అభియోగానికి వస్తాను. డిసెంబరు 27న నేను నా 24వ పుస్తకం మొదలుపెట్టాను. గడువు 31 అర్ధరాత్రి అయినా, అది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారమని, అంటే మన గడియారంలో జనవరి 1 ఉదయం 5:30 అని పదిహేడవ నియమం చదివి తెలుసుకున్న కొద్దిమందిలో నేనొకణ్ణి. వీధి కుర్రవాళ్ళు కేకులు కోసి, టపాసులు కాల్చి, పడుకున్న తరువాత కూడా నాకు అయిదున్నర గంటలు మిగిలి ఉన్నాయని గర్వపడుతూ, దుప్పటి కప్పుకొని చదివాను. 4:50కి 318వ పేజీ ముగిసింది. ఆఖరి పేజీ ఫొటో తీసి పంపాను. అభ్యంతరం వచ్చింది: జాబితాలో ఈ పుస్తకం 320 పేజీలు, తాము చదివినది 318. మిగిలిన రెండు పేజీలూ ఇరవయ్యవ ఫారం చివర మిగిలిన ఖాళీ కాగితాలు. వాటినీ ఫొటో తీశాను. ఖాళీ పేజీ స్పష్టంగా లేదని తిరిగి వచ్చింది. దీపం దగ్గరికి జరిపి మళ్ళీ తీసేసరికి 5:31 అయింది.

పోనీ, కొత్త సంవత్సరం ఖాతాలో వేసుకుందామంటే, చదవడం మొదలుపెట్టిన తేదీ అదే సంవత్సరంలో ఉండాలని నాలుగవ నియమం. పాత ఏడుకు ఆలస్యం, కొత్త ఏడుకు తొందర. మార్చి 31 సాయంత్రం దాటిన బిల్లుకు నిధులు మురిగిపోతాయని నేను ఎందరికో, ఎంతో ప్రశాంతంగా చెప్పి పంపాను. అప్పుడు వాళ్ళ మొహాలు ఎలా ఉండేవో నాకు ఇంతకాలానికి గుర్తుకు వచ్చింది.

వాకిట్లో కొత్త సంవత్సరం ముగ్గు వేస్తున్న మా ఆవిడ, లైటు వెలిగి ఉండడం చూసి, "రాత్రంత చదివినవ్ గదా, కథ ఎట్లున్నది?" అని అడిగింది.

"320 పేజీలు," అన్నాను.

అందువల్ల తమరిని వేడుకొనేది ఏమనగా, ఏడాది పొడవునా నేను నిజంగా మొదటి నుండి చివరిదాకా, గీతలు గీసుకుంటూ, అంచుల్లో ప్రశ్నలు రాసుకుంటూ, అర్థం కాని చోట వెనక్కి వెళ్ళి, నిద్రలో కూడా తలుచుకుంటూ చదివిన గ్రంథం ఒక్కటే ఉన్నది. అది తమరే. కచేరీ ఎదుటి జిరాక్స్ దుకాణంలో నియమాలు, సవరణలు, వివరణలు, ప్రశ్నలు జవాబులు అన్నీ అచ్చు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. దానిని నాలుగుసార్లు చదివాను. మళ్ళీ చదివినవి చెల్లవు కనుక ఒక్కసారికే పాయింటు కోరుతున్నాను. మొత్తం 96 పేజీలు వచ్చినది.

తక్కువ పడిన నాలుగు పేజీలకు బదులుగా ఈ లేఖను, ఒక్కో కాగితానికి ఒకవైపే రాసి, దానికే కుట్టి పంపుతున్నాను. 100 పేజీలు సరి చూసుకొని, ఒక పాయింటు జమ చేసి, రసీదు పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
"ర" గడి పదకొండుసార్లు నింపిన పాఠకుడు.

జతపరచినవి: నియమావళి, 96 పేజీలు. లేఖ, 4 పేజీలు. ఖాళీ పేజీల ఫొటోలు, 2 (ఈసారి స్పష్టంగా ఉన్నవి).