పచ్చళ్లు తూకం వేస్తాం, టీకా కార్డు మర్చిపోతాం

కావలి, ఒంగోలు వైపు నుంచి అమెరికా బయల్దేరే కుటుంబం ఉంటే ఆ ఇంట్లో నెల ముందే హడావుడి మొదలవుతుంది. తలకు రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, కుక్కరు, చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు. వీటిలో దేనికీ లోటు రాదు. ఐదేళ్ల పిల్లను అక్కడి బడిలో చేర్చడానికి ఏమేం కావాలో మాత్రం దిగాకే తెలుస్తుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు చలితోనో తిండితోనో కష్టమని ఇక్కడ మనం బెంగపడతాం. నన్నడిగితే అసలు టెన్షన్ బడి దగ్గరే. ఇక్కడ ఫీజు కట్టి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడితే మన పని అయిపోయినట్టే. అక్కడ బడి అడుగడుగునా తల్లిదండ్రుల్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది.

టీకాల సంగతే చూడండి. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేసే వాటిలో తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఎంఆర్ టీకా ఉంది గానీ గవదబిళ్లలకు లేదు. ఆటలమ్మకు, హెపటైటిస్-ఎకు కూడా ఆ జాబితాలో చోటు లేదు. ఉదాహరణకు టెక్సాస్ రాష్ట్రంలో కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసేది), ఆటలమ్మ, హెపటైటిస్-ఎ రెండేసి డోసులు పడాలి. పీహెచ్‌సీలో ఒక్క టీకా కూడా తప్పకుండా వేయించిన తల్లికి సైతం ‘మీ పాపకు టీకాలు పూర్తి కాలేదు’ అనే మాటే ఎదురవుతుంది. ఆమెకు ఒళ్లు మండటంలో తప్పేం లేదు. కావాల్సిన ప్రతి టీకా కనీసం ఒక డోసు పడి ఉంటే తాత్కాలికంగా చేర్చుకుని, మిగతావి గడువులోగా వేయించమంటారు. హెపటైటిస్-ఎ రెండు డోసుల మధ్య ఆరు నెలలు గడవాలి. అందుకే వీసా స్టాంపింగ్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే ఊళ్లో పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టడం మేలు.

తారీకులతో ఇంకో చిక్కుంది. ఏఎన్ఎం బాల్‌పెన్‌తో ‘4/8/21’ అని రాస్తే మనకది ఆగస్టు 4. అక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి ఏప్రిల్ 8 అవుతుంది. బిడ్డ పుట్టింది ఆ ఆగస్టు 3న అనుకోండి, కడుపులో ఉండగానే టీకా వేసినట్టు లెక్క! బయల్దేరే ముందు డాక్టరు చేత నెల పేరు అక్షరాల్లో రాయించి, ముద్ర వేయించుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. కొన్నిచోట్ల క్షయ పరీక్ష కూడా అడుగుతారు. మన పిల్లలకు పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తాం కాబట్టి, చర్మం మీద చేసే పరీక్షలో క్షయ లేకపోయినా వాపు కనిపించవచ్చు. బీసీజీ పడిందని ముందే చెప్పి రక్తపరీక్ష చేయమనడం మంచిది.

కాగితాల గొడవ ఎలాగో గట్టెక్కుతుంది. దానికన్నా పెద్ద పొరపాటు ఒకే ఒక్క ప్రశ్న దగ్గర జరుగుతుంది. ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఏది అని చేరికప్పుడే అడుగుతారు. పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగులోనే కసురుకుని, తెలుగులోనే బుజ్జగించే ఇంట్లో కూడా అక్కడ ‘ఇంగ్లిష్’ అని రాసేవాళ్లున్నారు. నిజం రాస్తే పిల్లాణ్ణి మొద్దుల సెక్షన్‌లో వేస్తారని భయం. ఈ భయం మన దగ్గరే పుట్టింది. నారాయణ విద్యాసంస్థలు 1979లో చిన్న లెక్కల కోచింగ్‌గా మొదలైంది నెల్లూరులోనే. ర్యాంకును బట్టి సెక్షన్ మారే చదువుల మధ్య పెరిగినవాళ్లకు సెక్షన్ అనే మాట వింటేనే గుండె జారుతుంది.

ఆ ప్రశ్న వెనక కథ వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనా కుటుంబాల పిల్లల తరఫున వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1974లో తీర్పు చెప్పింది. భాష రాని పిల్లాడికి అందరితో పాటు అదే పుస్తకం, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదంది. అంటే ఆ సాయం పిల్లాడికి హక్కుగా దక్కేది. టెక్సాస్‌లో తెలుగు అని రాస్తే ఒక పరీక్ష పెడతారు. అవసరమనిపిస్తే అదనంగా ఇంగ్లిష్ నేర్పే ఏర్పాటు చేస్తారు, అదీ తల్లిదండ్రుల అనుమతితోనే. అబద్ధం రాసి ఈ సాయాన్ని వదులుకుని, తర్వాత వారాంతాల్లో డబ్బు పోసి ట్యూషన్ పెట్టించడం నాకైతే వింతగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి బెరుకుగా ఉన్న తల్లి తనకు దుబాసి కావాలని బడిని అడగొచ్చు. పైసా కట్టక్కర్లేదు. టీచరు మాటల్ని ఏడేళ్ల కొడుకు తెలుగులో చెప్పాల్సిన ఖర్మ ఉండదు. వాడి మీద వచ్చిన ఫిర్యాదును వాడే అనువదిస్తే అది ఎంత మెత్తబడి వస్తుందో వేరే చెప్పాలా!

ఈ పనులన్నీ ఎవరి నెత్తిన పడతాయో ఊహించడం కష్టమేమీ కాదు. భర్త ఉద్యోగ వీసాను ఆసరా చేసుకుని ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకు ఉద్యోగం చేసే వీలు 2015లో వచ్చింది గానీ, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం నడిస్తే తప్ప అది అందదు. కాబట్టి మొదటి ఏళ్లలో ఇల్లూ బడీ ఆమెవే. ఫారంలో మాత్రం భర్త ఫోన్ నంబరు, భర్త మెయిలే ఉంటాయి. రేపు ఒంటిపూట బడి అని పంపిన మెయిల్ ఆయన ఆఫీసు మెయిళ్ల కింద ఎక్కడో ఉండిపోతుంది. ఆమెకు కబురందేది బడి నుంచి ‘పిల్లాణ్ణి ఎవరూ తీసుకెళ్లలేదు’ అని ఫోన్ వచ్చినప్పుడు, అదీ ఆయన ద్వారానే. ఇంత చదువుకున్న ఇళ్లలో ఈ నిర్లక్ష్యం ఏమిటో అర్థం కాదు. చేర్చే రోజే ఇద్దరి వివరాలూ రాయించుకోవాలి.

అదే ఫారంలో పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల పేర్లు రాసే గడి ఒకటుంటుంది. ఆరు నెలలు ఉండి మనవణ్ణి చూసుకోవడానికి కందుకూరు నుంచి వచ్చిన తాతయ్య పేరు కూడా అందులో ఎక్కించాలి, ఆయన చేతికి పాస్‌పోర్టు ఇచ్చి పంపాలి. లేకపోతే మనవడు ‘తాతయ్యా’ అంటూ ఎదురొచ్చినా బడివాళ్లు వదిలిపెట్టరు.