చెక్కు ఇవ్వండి, కథ అడగకండి

మొన్నటి ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముగిసి, పిల్లల నృత్యాలు మొదలయ్యే ముందు, అమెరికాలోని మన తెలుగు సంఘం ఊళ్లో పేద విద్యార్థులకిచ్చే ఉపకార వేతనాల వీడియో వేశారు. సభకు వచ్చినవారందరూ చూసినదే. డిసెంబరులో మనవాళ్లు సేవా కార్యక్రమాల కోసం వెళ్లినప్పుడు ఒక జిల్లా కేంద్రంలోని కల్యాణ మండపంలో తీసిన వీడియో అది. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి వేదిక మీద నిలబడి ఉంటుంది, చేతుల్లో మనిషికంటే వెడల్పైన అట్ట చెక్కు. వ్యాఖ్యాత మైకు ఆమె ముందు పెట్టి, "నాన్నగారు ఎలా పోయారో చెప్పమ్మా, అమెరికాలో అంకుల్స్, ఆంటీలు అందరూ వింటున్నారు" అంటాడు. ఆ పిల్ల అప్పుల మాట దాకా వచ్చి ఆగిపోతుంది. కెమెరా ఆగదు. ఆమె కళ్లు తుడుచుకునేదాకా దగ్గరగా చూపించి, ఆ తరువాత మన కార్యవర్గ సభ్యులు వరుసగా నిలబడిన ఫొటో వస్తుంది. హాలులో చాలామంది కంటతడి పెట్టారు, విరాళాల హామీలు కూడా ఆ కాసేపట్లోనే బాగా వచ్చాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన "ఈసారి వీడియో బాగా తీశారండీ" అన్నారు. ఆయన మంచివారే, ఏటా తన ఊరి పిల్లలకు సొంత డబ్బుతో ఫీజులు కడతారు. అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు.

ఉపకార వేతనాలు అక్కరలేదని నేను అనడం లేదు. ప్రభుత్వమే ఫీజు కడుతున్నప్పుడు మనమెందుకని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఆ సంగతి ముందు చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లక్షల కుటుంబాల్లో మొదటి పట్టభద్రులు వచ్చారన్నది కాదనలేని నిజం. అయితే అది ట్యూషన్ ఫీజుకు సంబంధించిన పథకం. తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఇంజినీరింగ్ ఫీజు కింద చాలా ఏళ్లుగా దక్కుతున్నది ఏడాదికి 35,000 రూపాయలు. కళాశాల ఫీజు లక్ష దాటితే మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పేరుతో 2021 నుంచి కొన్నేళ్లు ఆ సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు, వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏటా 20,000 చొప్పున ప్రకటించారు. ఏ ప్రభుత్వం వచ్చినా, పథకం పేరు ఏదైనా, బకాయి మాత్రం పేరుకుపోతూనే ఉంది. 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు ఆ బకాయిల కోసమే తరగతులు నిలిపివేశాయి.

బకాయి ఉన్నది ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య అయినా, దాని వేడి తగిలేది విద్యార్థికే. హాల్ టికెట్ కోసం కౌంటరు దగ్గరికి వెళ్తే "ముందు ఫీజు కట్టు, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తాం" అంటారు. చదువు పూర్తయ్యాక టీసీ, ఒరిజినల్స్ చేతికి రావు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని ఉన్నత విద్యను, సాంకేతిక విద్యను పర్యవేక్షించే యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి గాని, క్యాంపస్ ప్లేస్‌మెంటులో ఉద్యోగం వచ్చి చేరవలసిన తేదీ దగ్గర పడుతున్న పిల్లవాడు ఆ ఉత్తర్వు పట్టుకొని ఎవరితో పోట్లాడతాడు? నూటికి మూడు వడ్డీకి తెచ్చి కడతాడు. వీటికి తోడు మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్, ప్రాజెక్టు ఖర్చు, ఇంటికి వెళ్లిరావడానికి బస్సు చార్జీలు ఉంటాయి. ఏ పథకం జాబితాలోనూ సరిగ్గా ఇమడని ఈ చిల్లర ఖర్చుల దగ్గరే, ముఖ్యంగా ఆడపిల్లల చదువులు ఆగిపోతుంటాయి. కనుక మన డబ్బుకు చేయవలసిన పని చాలానే ఉంది. నా అభ్యంతరం మనం ఇచ్చే తీరు మీదే.

మా తాతగారు 1930ల తొలినాళ్లలో రాజమహేంద్రవరంలో వారాలు చేసుకొని చదువుకున్నారు. వారాలంటే వారంలో రోజుకో ఇంట్లో భోజనం చేస్తూ చదువుకోవడమని ఈ పత్రిక చదివేవారికి వివరించనక్కరలేదు, మనలో చాలామంది ఇళ్లలో ఒక తరం అలాగే గట్టెక్కింది. ఆదివారం ఇన్నీసుపేటలో ఒక వకీలు గారిల్లు, సోమవారం దానవాయిపేట, ఇలా ఆరు రోజులకు ఆరు ఇళ్లు కుదిరాయి గాని శనివారానికి ఇల్లు దొరకలేదు. దొరకలేదని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. తెల్లవారుజామునే కోటిలింగాల రేవులో స్నానం చేసి, నిలువునామం పెట్టుకొని, అడిగినవారికల్లా శనివార వ్రతమని చెప్పేవారట. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి అంత భక్తి ఎక్కడిదని ఎవరూ అనుమానించలేదు, శుక్రవారం ఇంటావిడ ఒక్కరు తప్ప. ఆవిడ కొన్ని వారాలు చూశారు. ఒక శుక్రవారం భోజనమయ్యాక ఈయన చేయి కడుక్కొని వస్తుంటే పెరటి గుమ్మం దగ్గర ఆపి, అరిటాకులో కట్టిన అటుకులూ బెల్లమూ, రెండు అరటిపళ్లూ చేతిలో పెట్టి, "రేపు వ్రతం కదా నాయనా, ఫలహారానికి ఉంచుకో" అన్నారట. ఆ తరువాత ఇంటర్మీడియట్ పూర్తయ్యేదాకా ప్రతి శుక్రవారమూ ఆ పొట్లం అందింది. వ్రతం నిజం కాదని ఆవిడకు తెలుసు, తెలుసన్న సంగతి తాతగారికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొట్లం ఇచ్చేటప్పుడు ఇంట్లో మిగతావారు చూడకుండా పెరటి వైపు పిలిచేవారని తాతగారు ప్రత్యేకంగా చెప్పేవారు. ఆయన తరువాత హైస్కూలు ప్రధానోపాధ్యాయులై, జీతమొచ్చిన రోజున కొందరు పిల్లల పరీక్ష ఫీజులు స్వయంగా వెళ్లి గుమాస్తా దగ్గర కట్టి వచ్చేవారు. ఆ పిల్లలకు "నీ ఫీజు కట్టేశారు, వెళ్లి రాసుకో" అని గుమాస్తా చెప్పేవాడు. ఎవరు కట్టారో చెప్పవద్దని తాతగారి ఆన.

వారాలను నేను ఆకాశానికెత్తడం లేదు. ఆ ఆరిళ్లూ తాతగారి కులంవారివేనని, అదే కళాశాలలో అదే ఆకలితో చదివిన మరో కులపు పిల్లవాడికి ఆ గుమ్మాలేవీ తెరుచుకునేవి కావని ఆయనే చెప్పేవారు. పైగా ఆరిళ్లలోనూ శుక్రవారం ఇల్లు లాంటిది ఒక్కటే. ఒక ఇంట్లో అన్నం పెట్టేముందు బావి నుంచి నీళ్లు తోడించేవారు, ఇంకో ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడల్లా "వీడు మా అన్నం తిని చదువుకుంటున్నాడు" అని పిలిచి చూపించేవారు. మన పల్లెల్లో, పట్నాల్లో ఆ రెండో అలవాటు చాలా గట్టిగా పాతుకుపోయింది. "మా ఇంట్లో ఉండి చదువుకున్నాడు" అన్న మాట ఒక మనిషి ఉద్యోగం చేసి, పెళ్లి చేసుకొని, పిల్లల్ని కన్నాక కూడా పెళ్లి పందిట్లో అతని ముందే అనగలిగిన జాతి మనది. సముద్రాలు దాటి వచ్చినా ఆ చూపించుకునే సరదా మనల్ని వదలలేదు, దానికి డ్రోన్ కెమెరా తోడైంది, అంతే.

అదే సమయంలో, మన పిల్లల విషయానికొచ్చేసరికి మనం ఎంత గుట్టు కోరుకుంటామో చూడండి. అక్టోబరు వస్తే మనలో ఎంతమంది పిల్లల కళాశాల చదువుకు ప్రభుత్వ ఆర్థిక సహాయం కోరే ఫాఫ్సా దరఖాస్తు ముందు కూర్చొని పన్ను పత్రాలు తిరగేస్తారో నాకు తెలుసు. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు కూడా నింపి, ఇంటి విలువ దగ్గర నుంచి బ్యాంకు నిల్వ దాకా రాస్తాం. ఆ వివరాలు ఆర్థిక సహాయ కార్యాలయం దాటి బయటకు రావు. 1974 నుంచి ఉన్న ఫెర్పా చట్టం అలాంటి రికార్డులకు రక్షణ ఇస్తుంది. మన అబ్బాయికి ఎంత గ్రాంటు వచ్చిందో హాస్టలు గదిలో పక్క మంచం మీద పడుకునే కుర్రవాడికి తెలియదు. ఒకవేళ ఆ విశ్వవిద్యాలయం వాడిని వేదిక ఎక్కించి "మీ నాన్నకు ఉద్యోగం పోయిందట, ఆ కథ చెప్పు" అంటే మనం లాయరును పిలుస్తాం. కల్యాణ మండపంలోని అమ్మాయికి కూడా క్లాసులో స్నేహితులున్నారు, వాళ్ల ఫోన్లలో యూట్యూబూ ఉంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అందులో బలమూ ఉంది. ముఖం చూపిస్తేనే దాత చేయి జేబులోకి వెళ్తుందని మన కోశాధికారి గారు ఎన్నో ఏళ్ల అనుభవంతో చెబుతారు. ఉగాది నాటి హామీలే అందుకు సాక్ష్యం. రెండోది నమ్మకం. తెల్ల రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం పట్టుకొని రెండంతస్తుల ఇల్లున్నవారి పిల్లలూ వస్తారని, నలుగురిలో పిలిచి ఇస్తే అలాంటివారు జంకుతారని అంటారు. మూడోది చట్టం. విదేశీ విరాళం తీసుకునే భారతీయ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తరువాత డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచి మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇన్ని లెక్కలు చూపవలసి వచ్చినప్పుడు ఫొటో కూడా ఒక రుజువే కదా అని ట్రస్టీలలో ఒకరు నాతో అన్నారు.

లెక్క చూపాలన్నదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కాని లెక్కకు కావలసింది కళాశాల రసీదు, మార్కుల మెమో, బ్యాంకు బదిలీ వివరం. కన్నీళ్లు ఏ ఆడిటరూ అడగడు. ఇక దొంగ దరఖాస్తుల సంగతి: వేదిక మీద జంకేది నిజంగా లేనివాళ్లే. ఉన్నవాళ్లు హాయిగా వచ్చి శాలువా కూడా కప్పించుకొని వెళ్తారు. నిజం తెలిసేది ఆ పిల్లవాడి హాస్టలు వార్డెనుకు, పాఠం చెప్పిన లెక్చరరుకు, ఆ ఊరి బడిలో పనిచేసి రిటైరైన మాస్టారికి. మన సభ్యుల్లో ప్రతి జిల్లా నుంచీ వచ్చినవారు ఉన్నారు. జిల్లాకు ముగ్గురు అలాంటి పెద్దలను, మూడు వేర్వేరు సామాజిక వర్గాల నుంచి, ఎంచుకోవడం మనకు కష్టం కాదు. వేర్వేరు వర్గాలని ఎందుకంటున్నానో దరఖాస్తుల వడపోతలో కూర్చున్నవారికి తెలుసు. "అబ్బాయి ఎవరి తాలూకు?" అన్న ప్రశ్న ఆ గదిలో ఎన్నిసార్లు వినిపిస్తుందో కూడా తెలుసు.

దాత జేబు సంగతే నాకు నిజంగా బెంగ. వీడియో లేకపోతే మొదటి ఏడాది విరాళాలు తగ్గవచ్చు. తగ్గినా పరవాలేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇప్పుడు మనం ఇస్తున్న డబ్బు సగం వృథాగానే పోతోంది. మనకు సెలవులు దొరికేది డిసెంబరులో కాబట్టి చెక్కు డిసెంబరులో ఇస్తున్నాం. ఆ పిల్లలకు డబ్బు కావలసింది కౌన్సెలింగు జరిగే వేసవి చివర్లో, సెమిస్టరు పరీక్ష ఫీజు గడువు నాడు. ఒక్క ఏడాది పాతికవేలు ఇచ్చి, మరుసటి ఏడాది వేరే ముఖాలు కావాలని కొత్తవారిని ఎంచుకుంటున్నాం. నాలుగేళ్ల చదువులో ఒక్క ఏడాదే ఆసరా దొరికిన విద్యార్థి మిగతా మూడేళ్లు ఏం చేశాడో మన నివేదికల్లో ఎక్కడా ఉండదు. యాభైమందికి ఒకసారి ఇచ్చే బదులు పన్నెండు మందికి కోర్సు పూర్తయ్యేదాకా ఇద్దాం. సావనీరులో పేజీ చిన్నదవుతుంది, అవనీయండి.

కార్యవర్గానికి నేను రాతపూర్వకంగా పంపిన విన్నపం ఇది. ఎంపిక మే నెలాఖరుకు ముగించి, ఎప్‌సెట్ కౌన్సెలింగు మొదలయ్యేలోగా మొదటి విడత పంపాలి. విద్యార్థి పాసవుతున్నంతకాలం కోర్సు చివరిదాకా సాయం కొనసాగాలి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై హాల్ టికెట్ గాని, ఒరిజినల్స్ గాని ఆగిపోయినవారి కోసం ఒక చిన్న నిధి విడిగా ఉండాలి. అందులోంచి రోజుల్లో డబ్బు చేరాలి, ప్రభుత్వ సొమ్ము వచ్చినప్పుడు విద్యార్థి దాన్ని వడ్డీ లేకుండా తిరిగి జమ చేస్తాడు. గ్రహీతల పేర్లు, ఫొటోలు, కుటుంబ వివరాలు వేదిక మీదికి గాని, వెబ్‌సైటు మీదికి గాని రాకూడదు. దాతలకు ఏటా ఎంతమంది చదువుతున్నారు, ఎంతమంది పాసయ్యారు, ఎంత ఖర్చయింది అన్న అంకెలు పంపితే చాలు. ఇష్టపడి ఉత్తరం రాసే విద్యార్థి ఉంటే రాస్తాడు, మనం అడగకూడదు. ఆగస్టు సమావేశంలో ఇది చర్చకు రావాలంటే పాతికమంది సభ్యుల సంతకాలు కావాలని నియమావళి చెబుతోంది. సంతకాల కాగితం మన గ్రంథాలయం బల్ల మీద కార్యదర్శి గారి అనుమతితోనే ఉంచాను, జులై నెలాఖరు దాకా అక్కడే ఉంటుంది.